జకరయ్యకు కాకరకాయ హల్వా

1967 డిసెంబరు 3, ఆదివారం. రేపల్లె.
ఆరాధన అయ్యాక సంఘపెద్ద జకరయ్య నన్ను గుడి మెట్ల మీదే ఆపాడు. ఈసారి క్రిస్మస్ ప్రసంగానికి బాపట్ల నుంచి చదువుకున్న బోధకుణ్ణి పిలిపిస్తున్నారట. అక్కా, నీది వానాకాలం చదువు, నలుగురిలో నవ్వులపాలవుతాం అన్నాడు. నీ చేతి వంట అమృతం, విందుకి ఏదన్నా స్వీటు చేసిపెట్టు చాలు అన్నాడు. వెనకాల కమిటీ అంతా తలూపింది.

పదకొండేళ్లు ఆ పుల్పిట్ మీద వాక్యం చెప్పాను. బడి గుమ్మం తొక్కలేదు, నిజమే. బైబిలు ముందేసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఆ వాక్యం విన్నాకే జకరయ్య తాగుడు మానాడు. ఇప్పుడు నన్ను గరిటె పట్టుకోమంటాడు.

డిసెంబరు 4
పట్టుకుంటాను.

డిసెంబరు 9
బైబిల్లో రోమా పత్రిక తీశాను. పగ తీర్చే పని దేవుడిదట, నాది కాదట. దాని కింది వాక్యం చూశాను. శత్రువుకి ఆకలేస్తే అన్నం పెట్టాలట. అది వాడి నెత్తిన నిప్పులు పోసినట్టేనట. ఇది నాకు నచ్చింది.

డిసెంబరు 23
తెనాలి మార్కెట్లో కాకరకాయలు కొన్నాను. రైల్లో పక్కనావిడ, పులుసుకా వదినా అని అడిగింది. హల్వాకి అన్నాను. జరిగి కూర్చుంది.

డిసెంబరు 24
చెక్కు గీకి, గింజలు తీసి, సన్నగా కోరి, ఉప్పు వేసి మూడుసార్లు పిండాను. ఉడికించి నీళ్లు వార్చాను. ఆపైన పాలు, పంచదార, నెయ్యి, జీడిపప్పు. ఎక్కడా చేదు లేదు. ఇది సంఘానికి.

పిండిన పసరు పారబొయ్యలేదు. చెక్కు, గింజలు నూరి అందులోనే కలిపి, చిన్న గిన్నెలో విడిగా హల్వా తిప్పాను. రంగు ఒకటే. గోటితో తీసి రుచి చూశాను. చెవుల దాకా చేదు. ఇది పెద్దాయనకి.

డిసెంబరు 25, సాయంత్రం ఆరు
బాపట్లాయన గంటన్నర చెప్పాడు. సగం మంది కునికారు.

మా విందులో సంఘపెద్ద నోట్లో పెట్టాకే మిగతావాళ్లు తింటారు. వడ్డించే ముందు, స్వీటు సంగతి రెండు ముక్కలు చెప్పుకుంటానన్నాను. వంటమనిషిని ఎవరు కాదంటారు? మారా అనే చోట చేదు నీళ్లని దేవుడు తీపి చేశాడు, ఈ కాకరనీ చేశాడు, ఎవరికైనా చేదు తగిలితే అది కాయలోది కాదు, మనసులోది అన్నాను.

జకరయ్య నోట్లో పెట్టుకున్నాడు. మెడ నరం లేచింది. నా వంకే చూశాడు. నేనూ చూశాను. ఎదురుగా వందమంది. మింగి, తీపి అన్నాడు. మొహమాటపడకు తమ్ముడూ అని ఇంకో గరిటె వేశాను.

డిసెంబరు 31
జకరయ్య భార్య ధనమ్మ వచ్చింది. ఆ రోజు ఇంటికెళ్లి చెంబుడు మజ్జిగ తాగాడట. నిన్న కమిటీలో మాత్రం నన్ను తెగ పొగిడాడట. అక్క హల్వాకి సాటి లేదు, ఇకనుంచి ఏటేటా స్వీటు అక్కదే, ప్రసంగం బాపట్లవాళ్లదే అని మినిట్సులో రాయించాడట.

నన్ను వంటింట్లో పెట్టి గొళ్లెం వేశాననుకుంటున్నాడు. ముందు తినేది ఎవరో మరిచాడు.

1968 డిసెంబరు 25
రెండు గరిటెలు. తీపి అన్నాడు.

1969 డిసెంబరు 25
మూడు. కళ్ల నీళ్లు కారాయి. అతని మీదికి పరిశుద్ధాత్మ దిగిందనుకుంది సంఘం.

1970 డిసెంబరు 13
ధనమ్మ కబురు తెచ్చింది. ఈ ఏడు ప్రసంగం అక్కే చెప్పాలని కమిటీ తీర్మానమట. స్వీటంటే అక్కకి శ్రమ, తెనాలిలో కొందామన్నాడట తన మొగుడు.

శ్రమేముంది, రెండూ చేస్తానని చెప్పి పంపాను.