క్లిఫ్ కింద పెట్టిన కప్పు

లండన్,
3 అక్టోబరు 1986

ప్రియమైన వదినకి,

వచ్చే శుక్రవారం నా సినిమా గ్రిమ్స్‌బీకి వస్తోంది. నీ స్నేహితురాలు ఎనిడ్ టికెట్లమ్మే హాల్లోనే. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. కానీ ఈ అద్దింట్లో ఫోను మెట్ల కింద ఉంటుంది, ఇంటావిడ చెవి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. అందుకే ఉత్తరం.

ఇక్కడ మొదటి ఆట చూశాను. ఏం చెప్పమంటావు! ఊపిరి బిగబట్టాల్సిన చోట నవ్వారు, నవ్వాల్సిన చోట ఆవలించారు. హెలికాప్టర్‌కి డబ్బుల్లేక చప్పుడొక్కటే పెట్టి, హీరో చేత ఆకాశంలోకి చూయించాను కదా, "ఏదిరా, మాకు కనబడదేం?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. హాలంతా తలెత్తి పైకప్పు చూసింది. నలుగురు రౌడీలకే టోపీలు మార్చి రెండేసిసార్లు చంపిన సంగతి కూడా కనిపెట్టేశారు. నాలుగోవాడు రెండోసారి చచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు. తిండీ నిద్రా మాని తీసిన సినిమా వదినా, ఒళ్ళు మండిపోయింది.

అన్నయ్య సీను దగ్గర కూడా నవ్వారు. పోనీలే, లండన్ వాళ్ళకి అన్నయ్యెవరో ఏం తెలుసు? మన ఊళ్ళో అలా కాదు. ఆ తుపాకి దెబ్బ తిన్న కాపలావాడు క్లిఫ్ అనీ, షూటింగయిన కొన్నాళ్ళకే నిజంగానే గుండె ఆగి పోయాడనీ అందరికీ తెలుసు. అక్కడ నవ్వరు కదా? నువ్వు వెళ్ళి వెనక వరసలో కూర్చుని, జనం ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. నేను నొచ్చుకుంటానని తీపి పూయకు.

నీ మరిది,
రసెల్


గ్రిమ్స్‌బీ,
11 అక్టోబరు

ప్రియమైన రసెల్‌కి,

తీపి పూయొద్దన్నావుగా, అయితే చేదే తాగు.

హాలు నిండింది. మన రేవులో తీసిన సినిమా అంటే ఎవరాగుతారు? మా చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా వచ్చారు. మొదటి నుంచీ ఒకటే గోల. మీ హీరో చేపల రేవులో మలుపు తిరిగి పక్క ఊరు క్లీథోర్ప్స్ ఇసుకలో తేలాడు. "ఏమే, బస్సెక్కాడా?" అంది ఒకావిడ. "ఆదివారం బస్సయితే ఇంకా స్టాపులోనే ఉండేవాడు" అంది పక్కావిడ. పరుగు మొదలెట్టినప్పుడు సముద్రం వెనక్కి తగ్గి ఉంది, ముగించేసరికి గోడ దాకా పోటెక్కింది. "పూటంతా పరిగెత్తాడు, పాపం ఎవరైనా మంచినీళ్ళివ్వండి!" అని కేక. అంత చదువు చదివావు, ఆటుపోట్లు చూసుకోవాలని తెలియలేదా నాయనా? ఇక్కడ పాలు తాగే పిల్లకి కూడా అలల వేళ తెలుసు.

అంతవరకూ నేనూ నవ్వాను, కాదనను. తర్వాత క్లిఫ్ వచ్చాడు. ఆ పాత కోటు, చేతిలో టీ కప్పు. తుపాకి పేలింది. చొక్కా మీద ఎరుపు చూసుకున్నాడు. మెల్లగా వంగి, కప్పును గట్టు మీద ఆనించి పెట్టాడు. అప్పుడు పడ్డాడు.

హాలు పగలబడి నవ్వింది రసెల్. ముందు వరసలో కూర్చున్న ముసలి నావికులు తొడలు చరుచుకుని మరీ నవ్వారు. క్లిఫ్‌తో ఒకే చేపల ట్రాలర్ మీద మంచులో నానినవాళ్ళు, మొన్న అతని శవపేటిక మోసినవాళ్ళు! వాళ్ళకి నవ్వెలా వచ్చింది? నేను లేచి వచ్చేశాను. ఎనిడ్ వెనక నుంచి పిలుస్తున్నా తిరిగి చూడలేదు.

ఆ ముక్క తీసెయ్యి. నీకు చేతనైతే రేపే తీసెయ్యి. నా మొగుడు ఒకసారి చచ్చాడు, చాలు. రోజుకి రెండాటలు చావక్కర్లేదు.

నీ వదిన,
గ్లెండా


లండన్,
21 అక్టోబరు

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. వచ్చి పేపరు కొంటే, అందులో నా సినిమా మీద రాశారు. "ఇందులో నటించినది టీ కప్పు ఒక్కటే" అట. ఆ రాసినవాడు జీవితంలో ఒక కెమెరా ట్రాలీ కూడా తోసి ఉండడు.

వీడియో క్యాసెట్ల కంపెనీ ఆయన వచ్చాడు. సినిమా కొంటాడట, కానీ కప్పు సీను ఉండకూడదట. "చూడు బాబూ, జనానికి భయం పుట్టాల్సిన చోట నవ్వు పుడితే ఆ సరుకు నేనెలా అమ్ముకోను?" అన్నాడు. నీ మాటా అదే కాబట్టి సరేనన్నాను. ఈ నెలాఖరు శుక్రవారం కూర్చుని కోసేస్తున్నాం. కాపలావాడు అటు వెళ్ళాడు, తిరిగి రాలేదు, అంతే. ఆయన కొంటేనే నాకు ఇంకో సినిమా ఉంటుంది. లేకపోతే మామయ్య కార్పెట్ల కొట్లో కొలతలు తీసుకుంటూ బతకాలి.

నిజం చెప్పనా? నా కోపమంతా అన్నయ్య మీదే. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "దెబ్బ తగలగానే పడిపో. కప్పు ఎగరాలి, పగలాలి." ఆ పగిలే చప్పుడు కోసమే కప్పిచ్చాను. "సరేరా సరే, అర్థమైంది" అన్నాడు. తీరా చూస్తే ఇదీ నిర్వాకం. ఎర్రరంగు సంచి ఒక్కటే ఉంది, చొక్కా ఒక్కటే ఉంది, మళ్ళీ తీయడానికి లేదు. ఏంటన్నయ్యా ఇది అంటే, "ఏమోరా, చెయ్యి దానంతటదే పెట్టేసింది" అని నవ్వాడు.

చచ్చే మనిషి ఎవడైనా టీ ఒలుకుతుందేమోనని చూసుకుంటాడా వదినా? లోకంలో ఎవడూ అలా చావడు. ఆ ఒక్క వంగడంతో నా సినిమా మొత్తం నవ్వులపాలైంది. పోయినవాణ్ణి తిడుతున్నానని తెలుసు. కానీ తిట్టడానికి ఇంకెవరూ దొరకడం లేదు. వాడుంటే ముఖం మీదే తిట్టేవాణ్ణి, వాడు కెటిల్ పొయ్యి మీద పెట్టేవాడు, అంతటితో అయిపోయేది.

నీ మరిది,
రసెల్


గ్రిమ్స్‌బీ,
26 అక్టోబరు

ప్రియమైన రసెల్‌కి,

చేతిలో కత్తెర ఉంటే కింద పెట్టు. ముందు ఇది చదువు.

మొన్న ఎనిడ్ ఇంటికొచ్చింది. సినిమా ఇంకా ఆడుతోందట, హాలు యజమాని పొడిగించాడట. ఎందుకో తెలుసా? జనం ఇళ్ళ నుంచి టీ కప్పులు తెచ్చుకుంటున్నారట! "క్లిఫ్ కప్పు పెట్టగానే అందరూ పెడతారే, నువ్వోసారి వచ్చి చూడు" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న మధ్యాహ్నం ఆటకి వెళ్ళాను. చూడ్డానికి కాదు, తిట్టడానికి. కోటు కూడా విప్పకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఎనిడ్ చెప్పింది నిజమే. పూల కప్పులు, చెవి విరిగిన కప్పులు, రాణిగారి పెళ్ళినాటి కప్పులు. ఫ్లాస్కుల్లోంచి పోసుకుని తాగుతూ చూస్తున్నారు. హెలికాప్టర్ రాగానే పైకప్పుకి చేతులూపారు. బస్సు గోల మామూలే. తర్వాత క్లిఫ్ వచ్చాడు. హాలు గప్‌చిప్. తుపాకి పేలింది. క్లిఫ్ వంగాడు, హాలంతా అతనితో వంగింది. అన్ని కప్పులూ ఒక్కసారి నేలను తాకాయి. ఒక్కరు నవ్వలేదు. ముందు వరసలో ముసలి నావికుడు వాల్ట్ గ్రూబీ టోపీ తీశాడు. క్లిఫ్ పడిపోయాక, అప్పుడు నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను తిట్టకుండానే ఆట చివరిదాకా నిలబడ్డాను.

అయినా బయట వాల్ట్‌ని పట్టుకుని అడిగాను. "నీకు సిగ్గులేదూ? నీ స్నేహితుడి చావు చూసి నవ్వుతావా?" అని. ఏమన్నాడో విను.

"చావు చూసి ఎవడు నవ్వాడే పిచ్చిదానా? క్లిఫ్ కనబడ్డాడని నవ్వాం. డెక్కు మీద అల మీదపడేటప్పుడు ముందు కప్పు ఆనించాలి, ఆ తర్వాతే నీ ప్రాణం. మరిగే టీ పక్కవాడి మొహాన పడిందనుకో, వాడు గడ్డకట్టే నీళ్ళలోకి పోతాడు. పడవెక్కిన మొదటి రోజే నేను ఒలకబోస్తే ఇదే క్లిఫ్ నా వీపు విమానం మోత మోగించాడు. మీ మరిది సినిమాలో తుపాకి అబద్ధం, నెత్తురు అబద్ధం, ఆ పరుగయితే మరీ అబద్ధం. మా వాడొక్కడే నిజం. రేవులో చేపల పడవలు ఆగిపోయాక మమ్మల్ని మేము ఎక్కడైనా చూసుకున్నామంటే అదిగో, ఆ తెర మీదే."

రసెల్, ఇప్పుడు నీకొకటి చెప్పాలి. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు పొద్దున నేను మేడ మీద పక్కలు సర్దుతున్నాను. కింద ఏదో పడ్డ చప్పుడైతే కుర్చీ అనుకున్నాను. దిగి వచ్చేసరికి క్లిఫ్ వంటగది నేల మీద ఉన్నాడు. టీ కప్పు సింకు పక్కన, గోడకి ఆనించి ఉంది. నిండుగా ఉంది, ఇంకా ఆవిరి వస్తోంది. నేల పొడిగా ఉంది. చుక్క ఒలకలేదు.

అప్పటి నుంచీ నాకు కోపం. కప్పు దింపడానికి తీరిక దొరికింది, "గ్లెండా" అని ఒక్క కేక వెయ్యడానికి దొరకలేదా అని. రోజూ ఆ సింకు దగ్గర నిలబడి అదే అడిగాను. తెర మీద మళ్ళీ అలాగే వంగి పెడుతుంటే, చుట్టూ జనం నవ్వుతుంటే, తట్టుకోలేక తీసెయ్యమని రాశాను. వాల్ట్ మాట విన్నాక కోపం పోయింది. నన్ను మరిచిపోయి కాదు రసెల్. పడేటప్పుడు పక్కన ఎవరూ కాలకూడదు. ఆ చేతికి తెలిసింది అదొక్కటే.

మా పెళ్ళి ఫోటోలో కూడా కళ్ళు మూసుకున్నాడు. కదిలే క్లిఫ్ నాకు నీ సినిమాలో తప్ప ఇంకెక్కడా లేడు. తీయకు.

లోకంలో ఎవడూ అలా చావడన్నావు. మీ అన్నయ్య అలాగే చచ్చాడు.

నీ వదిన,
గ్లెండా


లండన్,
1 నవంబరు

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను ఇంట్లో లేను. శుక్రవారం సాయంత్రం తిరిగొచ్చాక ఇంటావిడ చేతికిచ్చింది. అప్పటికే కోసేశాం.

మెట్ల మీదే కూర్చుని చదివాను. వెంటనే లేచి పరిగెత్తాను. నా హీరో కూడా అంత పరిగెత్తలేదు. ముక్కల బుట్టలో అడుగున దొరికాడు అన్నయ్య. దుమ్ము తుడిచి, నా చేత్తోనే అతికించాను. వంగే చోట సన్నటి గీత పడింది, క్షమించు.

ఈ పొద్దున వీడియో ఆయనకి చెప్పాను. "కప్పుంటే కొనను" అన్నాడు. "అయితే కొనకండి" అన్నాను. మామయ్య కార్పెట్ల కొట్టు ఎక్కడికీ పోదు. అన్నయ్యని మాత్రం మళ్ళీ తీయడానికి లేదు.

వచ్చే శనివారం వస్తున్నాను. వెనక వరసలో నీ పక్కన చోటు పట్టు. టీ నువ్వు పొయ్యి, కప్పు నేను తెచ్చుకుంటాను.

నీ మరిది,
రసెల్