మస్కడే తోటా, ఆల్చిప్పల కత్తీ

కీర్తిశేషులు డొనాసియాఁ బ్రెటోడో భార్యనైన ఒడీల్ అను నేను, సెవ్ర్ నది ఒడ్డున ద్రాక్ష సాగు చేసుకుని బతుకుతున్నదాన్ని, మోకాళ్ళు తప్ప తక్కిన ఒళ్ళూ బుద్ధీ సవ్యంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నోటరీ గారి ఎదుట చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నాకు సంతానం లేదు. ఉన్నది నా ఇష్టప్రకారం చెందవలసినది.

1. దక్షిణాన నది, ఉత్తరాన చర్చి దారి, పడమర మర దగ్గరి కాలువ, తూర్పున మా మరిది క్లోటేర్ మొక్కజొన్న చేను హద్దులుగా గల గుట్ట మీది నా తోట, అంటే మస్కడే అనే తెల్ల వైన్ ఇచ్చే ద్రాక్షతోట, నా తదనంతరం క్లోటేర్ కూతురు నోల్వెన్‌కు సర్వహక్కులతో చెందవలసినది.

ఆ తూర్పు హద్దు కూడా ఒకప్పుడు ద్రాక్షతోటే. నా భర్త పోయిన ఏడాది, వైన్ ధర పడిపోయిందని మరిది తన తీగలన్నీ ట్రాక్టరుతో పెరికించాడు. ఆ ఊపులోనే నా గుమ్మంలోకి వచ్చి, "ఈ పుల్లనీళ్ళు ఎవడు తాగుతాడు వదినా? నీవీ పీకించేస్తాను, సుఖంగా కూర్చో" అన్నాడు. "నా తీగ మీద చెయ్యి వేస్తే నీ మీసం పీకుతాను" అన్నాను. అంతటితో మాటలు ఆగిపోయాయి. నోల్వెన్ మాత్రం తండ్రి మాట కాదని వచ్చి, "కత్తెర ఇటివ్వు పెద్దమ్మా, నేను కోస్తాను" అంది. అప్పటినుంచి తోట పని దానిదే.

షరతు ఒక్కటే. వైన్‌ను చలికాలమంతా పీపా అడుగున పేరుకునే మడ్డి మీదే ఉంచవలెను. తొందరపడి తేర్చరాదు.

2. ఆల్చిప్పలు తెరిచే కత్తి మా నాన్నది. ఆయన సముద్రం ఒడ్డున, లోపలి మాంసం పచ్చిగానే తినే ఆల్చిప్పలు పెంచేవాడు. డొనాసియాఁ నన్ను పెళ్ళికి అడగడానికి వచ్చినప్పుడు, "గుట్టల మీదివాడికి నా పిల్లనా?" అని తలెత్తి చూడలేదు. డొనాసియాఁ తన తోట వైన్ సీసా ఒకటి ముందు పెట్టాడు. నాన్న ఒక చిప్ప తెరిచి తిన్నాడు, ఒక గుక్క తాగాడు, ఇంకో చిప్ప తెరిచాడు. గంప ఖాళీ అయ్యాక, "తీసుకెళ్ళు. ఏటా వైన్ మాత్రం మరిచిపోకు" అన్నాడు.

ఈ కత్తి క్లోటేర్‌కు ఇవ్వవలెను. కారణం చెబుతాను. పోయిన చలికాలం అతను జబ్బుపడి లేచాక తిండి సహించలేదు. సూపు తోసేశాడు, రొట్టె తోసేశాడు. "నాన్న దక్కేలా లేడు పెద్దమ్మా" అని నోల్వెన్ ఏడ్చింది. గంపా సీసా పట్టుకుని, అన్నాళ్ళుగా తొక్కని ఆ గడప తొక్కాను. చిప్ప తెరిచి ముందు పెట్టాను. గోడవైపు చూస్తూ మింగాడు. గ్లాసు అందుకున్నాడు. ఇంకొకటి తెరిచాను.

కాసేపటికి, "ఇది మన గుట్టదేనా వదినా?" అన్నాడు.

"నా గుట్టది" అన్నాను.

"పుల్లగానే ఉంది. పోయ్" అన్నాడు.

ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. ఇప్పుడు ప్రతి శుక్రవారం నా దగ్గరే తింటాడు, ఒళ్ళు చేశాడు కూడా. కత్తి వాడడం రాక వేలు కోసుకుంటే నా ఆస్తికి బాధ్యత లేదు.

3. నన్ను పాతిపెట్టిన రోజు వచ్చినవాళ్ళందరికీ నదిచేప వండి, వెన్నా చిన్నుల్లీ కలిపిన సాసుతో, నేలమాళిగలోని పాత మస్కడేతో వడ్డించవలెను. చివర మేకపాల చీజ్ పెట్టవలెను. ఫాదర్ గారు ఎర్ర వైన్ అడుగుతారు. ఇవ్వరాదు. చేప తిని ఎర్రది తాగితే ఇనుము నాకినట్టుంటుంది.

4. ఈ వీలునామా అమలు బాధ్యత నోటరీ గారిదే. ఇంకేమైనా చేర్చాలా అని వారు అడుగుతున్నారు. అక్కర్లేదు. నాకు కావలసినవి నాకు దొరికాయి. తోట పూత మీద ఉంది. ఇవాళ శుక్రవారం, కింద వంటింట్లోంచి నోల్వెన్ భోజనానికి పిలుస్తోంది, వాళ్ళ నాన్న అప్పుడే కూర్చున్నాడట. సంతకం ఎక్కడో త్వరగా చూపించండి.

2013 జూన్ 21

(సంతకం) ఒడీల్ బ్రెటోడో

సాక్షులు:
మతురాఁ పావాజో, చేపలు పట్టే వృత్తి
ఎడ్విజ్ లుసో, విశ్రాంత టీచరు