ఏడ్చే భాగం విప్పేయండి

మావయ్యకి,

నీ కీచురాయి నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. అక్కడ నువ్వూ, నీ చుట్టూ ఉన్న కుట్టుమిషన్లూ క్షేమమే అనుకుంటాను.

ఇంటికి కాకుండా వర్క్‌షాపు చిరునామాకి రాస్తున్నానంటే సంగతి అర్థమయ్యే ఉంటుంది. ఇది అమ్మ కంట పడకూడదు. మూడేళ్ల క్రితం నేను గిటారు కొనుక్కొచ్చిన రోజు, "బ్యాండ్, పాట అన్న మాటలు ఇక నా నోట పలకను, ఒట్టు" అని అమ్మ అన్నప్పుడు నువ్వు స్టూలు మీద బిక్కమొహం వేసుకుని అక్కడే ఉన్నావు.

మా బ్యాండ్ మొదటి ఆల్బమ్ తయారైంది మావయ్యా! ఎనిమిది పాటలు. పేరు 'తడిగోడ'. మేం వాయించే షెడ్డు గోడ ఎండాకాలంలో కూడా తడే. ఏ కంపెనీ అండా లేకుండా నలుగురమే ఏడాదిపాటు కూర్చుని చేశాం. డ్రమ్స్ మీద పిడుగు, బేస్ గిటారు మీద మౌని, గిటారు మీద గడ్డం. పాడేది నేను. వచ్చే నెలలో బయటికి వదులుతున్నాం.

కాసెట్టు పంపుతున్నాను. ఏ చప్పుడు ఎక్కడ తేడాగా ఉందో మొహమాటం లేకుండా చెప్పు. నీ చెవి మీదున్న నమ్మకం నాకు ఇంకెవరి చెవి మీదా లేదు.

ఇట్లు,
కీచురాయి

తా.క.: అమ్మ అడిగితే నా ఆఫీసు బాగుందని చెప్పు. ఏ ఆఫీసని అడిగితే దగ్గు.

*

చిరంజీవి కీచురాయికి,

మావయ్య ఆశీస్సులు. నీ సంగతి తెలిసి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పైఊళ్లవాళ్లు మిషన్ మోసుకురాలేక దాని చప్పుడు కాసెట్టులో పంపినట్టే పంపావు. తెలివైనదానివి.

ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ కొన స్పీకరుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. అలా వింటే పైపై గోలేమీ వినపడదు, రోగం ఒక్కటే వినపడుతుంది.

ఒకటోదానికి వేగం ఎక్కువ, పట్టు తక్కువ. రెండోదాంట్లో కింద ఏదో సాగిపోయింది, బిగించండి. మూడోదాంట్లో ఒక మర వదులై గలగలమంటోంది. ఆరోది ఎందుకు తిరుగుతోందో దానికే తెలీదు.

నాలుగోదాని మొదట్లో టకటక ఉందే, అది ముట్టుకోకండి. ఏడు తొక్కులు తొక్కి ఓ క్షణం ఆగుతుంది, మళ్లీ ఏడు. ఆగడం మిషన్ తప్పు కాదు, తొక్కేవాళ్లకి మోకాలి నొప్పి. మిషన్ మాత్రం నిక్షేపంలా ఉంది. దాన్ని చూసుకునే మెకానిక్ ఎవరోగానీ ఘటికుడు.

అసలు రోగం వేరే ఉంది. ఎనిమిదింటిలోనూ ఒకటి అదేపనిగా ఏడుస్తోంది. అరిగిపోయిన ఏడుపు అది. ఆ ఏడ్చే భాగం విప్పేయండి. మిగతావి వాటంతటవే దారికొస్తాయి.

ఇట్లు,
మావయ్య

తా.క.: కళ్లజోడు విరిగింది. రాత వంకరగా ఉంటే నువ్వే మెడ వంచుకుని చదువుకో.

*

మావయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం షెడ్డులో పైకి చదివాను. పూర్తయ్యాక మళ్లీ చదవమని పట్టుబట్టారు. మౌని ఎలాగూ మాట్లాడడనుకో.

"ఆరోది ఎందుకు తిరుగుతోందో దానికే తెలీదు" అన్న వాక్యం దగ్గర గడ్డం కళ్లు తుడుచుకున్నాడు. మా సంగీతం గురించి ఇంత సూటిగా ఎవరూ రాయలేదట. నీ ఉత్తరాన్ని తడిగోడకి అంటించాడు, అది జారి పడింది, మళ్లీ అంటించాడు. ఆరో పాట తీసేశాం. ఒకటోది నిదానం చేశాం. మౌని తీగలు బిగించాడు. నాలుగోది ముట్టుకోలేదు. ఆ టకటక ఎక్కడిదో నీకు తెలిసే రాశావులే, గుట్టుగా ఉంచు.

కానీ మావయ్యా, ఆ ఏడ్చేదాన్ని విప్పేయాల్సిందేనా? కాస్త మరమ్మతు చేస్తే పనికిరాదా? ఇరవయ్యారేళ్లుగా ఉన్నది కదా. ఇంకోసారి ఆలోచించి చెప్పు. నీ మాట మీదే అంతా ఆగింది.

ఇట్లు,
కీచురాయి

తా.క.: మూడోదాంట్లో మర నిజంగానే దొరికింది. గడ్డం గిటారు అడుగున! అప్పటినుంచి నిన్ను గురువుగారు అంటున్నాడు.

*

చిరంజీవి కీచురాయికి,

ఆశీస్సులు. ఆలోచించడానికేం లేదు. ఇరవయ్యారేళ్లంటే దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది. ఇన్నాళ్లు ఎందుకు భరించారో నాకర్థం కాలేదు. ఈ పనిలో మమకారాలు పెట్టుకుంటే ముందుకెళ్లలేం.

విప్పి, ఒక రోజంతా కిరసనాయిల్లో నానబెట్టండి. అప్పటికీ ఏడిస్తే అవతల పారేయండి. దాని బదులు కొత్తది పెట్టుకుంటే నెల తిరక్కుండా పాతది మర్చిపోతారు. ఒక నూనె డబ్బా పంపిస్తున్నాను.

ఇట్లు,
మావయ్య

తా.క.: నూనె రెండు చుక్కలే. ఎక్కువైతే ముందు కూర్చున్నవాళ్ల బట్టలు పాడవుతాయి.

*

మహారాజశ్రీ మెకానిక్ గారికి,

నమస్కారాలు.

ఆ ఏడ్చేది నేనే. నా గొంతు. నీకు తెలుసు, తెలిసే రాశావు. చిన్నప్పుడు కీచురాయి అని పేరు పెట్టిందీ నువ్వే కదా.

ముగ్గురూ వద్దన్నారు. గురువుగారు పొరబడ్డారేమో అని గడ్డం కూడా అన్నాడు. మౌని మొదటిసారి నోరు విప్పి "వద్దు" అన్నాడు. కానీ చప్పుడు విషయంలో నువ్వు పొరబడడం నేను పుట్టాక చూడలేదు. పాట రాస్తాను, పాడను. ఆదివారం ఇంకో అమ్మాయి వచ్చి ఏడు పాటలూ పాడుతుంది. సోమవారం నుంచి నేను ఉద్యోగం వెతుక్కుంటాను. అమ్మ అన్నదే నిజమైంది. ఆవిడకి మాత్రం చెప్పకు.

ఇట్లు,
పారేసిన భాగం

తా.క.: నూనె డబ్బా అందింది. షెడ్డు తలుపుకి వేశాం. ఇప్పుడు అది కూడా ఏడవట్లేదు.

*

అమ్మాయీ,

ఇది మీ అమ్మ రాస్తోంది. ఆశీస్సులు చివర్లో ఇస్తాను, ముందు నా తప్పు ఒప్పుకోనీ.

మావయ్య కళ్లజోడు విరిగి రెండు నెలలైంది. అలవాటు కొద్దీ రాయగలడుగానీ చదవలేడు. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా నన్ను వర్క్‌షాపుకి పిలిచాడు, కవరు నేనే చింపి, వాడు మిషన్లు విప్పుకుంటుంటే పైకి చదివాను. "అమ్మ కంట పడకూడదు" అన్న వాక్యం వాడికి చదవలేదు. నేనే రెండుసార్లు చదువుకున్నాను.

బ్యాండ్, పాట అన్న మాటలు నా నోట పలకనని ఒట్టేశాను కదా. పలకలేదు, దాటేశాను. ఆ వాయిద్యాల పేర్లూ, ఆల్బమ్, సంగీతం లాంటివీ దాటేశాను. మిగిలిందేమిటంటే, మొదటిది తయారైంది, ఎనిమిది ఉన్నాయి, షెడ్డులో నలుగురం చేశాం, ఏ చప్పుడు తేడాగా ఉందో చెప్పు. నువ్వు కుట్టుమిషన్లు తయారుచేసే కార్ఖానా పెట్టావని వాడు వీధంతా చెప్పుకొచ్చాడు. పక్కింటివాళ్లు రెండు మిషన్లు కావాలంటున్నారు కూడా.

వాడు స్క్రూడ్రైవరుతో విన్నాడు. వాడు బయటికెళ్లాక నేను చెవులతో విన్నాను. నాలుగోది మొదలవగానే చేతిలో బట్ట కింద పడింది. ఏడు తొక్కి ఆగేదెవరో నాకు ఒకరు చెప్పాలా? పోయినసారి వచ్చినప్పుడు తలుపు వెనక నిలబడి నా మిషన్ చప్పుడు తీసుకెళ్లావన్నమాట. ఆ మీదట నీ గొంతు మొదలైంది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆ రోజే వాడికి చెప్పాల్సింది. చెప్పలేదు. వాడు నీకేం జవాబులు రాశాడో నాకు చూపించలేదు. "విప్పేయాల్సిందేనా" అని నువ్వు అడిగినప్పుడు మాత్రం నాకు సగం అర్థమైంది. మానేస్తే ఉద్యోగం చూసుకుంటావులే అనుకుని ఊరుకున్నాను. అదీ నిజమే. నా మీద కోపం తెచ్చుకో.

నీ చివరి ఉత్తరంలో దాటేయడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, పాట అన్నచోట పాట అనే చదివాను. మావయ్య చేతిలో స్క్రూడ్రైవర్ జారిపోయింది. "పిల్లని కిరసనాయిల్లో నానబెట్టమన్నానా అక్కా?" అని ఇప్పటికి నలభైసార్లు అడిగాడు.

ఆ ఇంకో అమ్మాయికి వద్దని చెప్పు. నువ్వే పాడు. ఆరోది కూడా తిరిగి పెట్టండి, నాకు అదే ఇష్టం. బట్టలు కుడుతూ వినడానికి బాగుంది.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: కీచురాయీ, ఇది మావయ్య. కొత్త కళ్లజోడు వచ్చింది, ఇకపై నా ఉత్తరాలు నేనే చదువుకుంటాను. ఈసారి కాసెట్టు స్క్రూడ్రైవర్ లేకుండా విన్నాను. నా నిర్ధారణ వెనక్కి తీసుకుంటున్నాను, ముప్ఫయ్యేళ్లలో ఇదే మొదటిసారి. నెలనెలా నా చేత్తో నూనె వేసే మిషన్‌ని గుర్తుపట్టలేక ఎవడో ఘటికుణ్ని మెచ్చుకున్నానని మీ అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. ఒక్కటి మాత్రం వెనక్కి తీసుకోను. నాలుగోదాంట్లో టకటక తర్వాత మీ పిడుగు అదే దరువు అందుకుంటాడే, ఏడు కాగానే ఆగడు, తోసుకుపోతాడు. వాడికి మోకాలి నొప్పి లేదని తెలిసిపోతోంది. మీ అమ్మే వచ్చి తొక్కుతుందట. ఆదివారం పొద్దున్నే మిషన్ మోసుకుని వస్తున్నాం. ఆ నూనె అంతా తలుపుకే పోసేయకండి.