అత్తయ్య కుట్టిన పువ్వు

అత్తయ్యా, మీరు నడక నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉండను. కుట్టుమిషన్ల కంపెనీవాళ్లు రమ్మని ఫోన్ చేశారు. పాలు కాచి మూత పెట్టాను. ఏదైనా తిన్నాకే మాత్ర వేసుకోండి.

నిన్న వాళ్ల మేనేజరు మనింటికొచ్చి, వాళ్ల కొత్త మిషను ఎలా వాడాలో నేను రాసిన పుస్తకం చూసి, "ఇంత తేలిక మాటలైతే మిషను విలువ పోతుందమ్మా" అని పెదవి విరిచాడు కదా. మీరేమో ఆయన చేతిరుమాలే అడిగి తీసుకుని, నా పేజీలు చూసుకుంటూ, అంతవరకూ ముట్టని ఆ మిషనుకి దారం ఎక్కించి, మూలన పువ్వు కుట్టిచ్చారు. ఆ రుమాలు కంపెనీ యజమానిదాకా వెళ్లిందట. ఒక్క మాట కూడా మార్చకుండా అచ్చు వేస్తారట. మిగతా మిషన్లకూ నన్నే రాయమన్నారు.

మొన్న పక్కింటావిడతో "మా కోడలు ఖాళీయే, ఏదో టైపు కొట్టుకుంటూ ఉంటుంది" అన్నారు. విన్నాను. కోపమేం లేదు. కాస్త ఉంది. ఇవాళ అదీ పోయింది.

మీ కోడలు

మరిచాను, సాయంత్రం ఇంకో కొత్త మిషను తెస్తున్నాను. నేను రాసేదాకా దాని జోలికి వెళ్లకండి. దాన్ని వాడటం మీకు ముందే వచ్చేస్తే, నేను అర్థమయ్యేలా రాశానో లేదో ఎవరు చెప్తారు?