సముద్రపొడ్డున చెప్పిన తీర్పు

కాశీబుగ్గ,
18 నవంబరు 2007.

చిరంజీవి లక్ష్మీప్రియకు,

గోపాలరావు మాస్టారు దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నా మోకాళ్ళు తప్ప. నువ్వూ క్షేమమని తలుస్తాను. నా మీద నీ కోపమూ క్షేమంగానే ఉండి ఉంటుంది. ఇన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు మరి!

కోపం రాదా? నువ్వు ఆఖరి ఏడాదిలో ఉండగా మన సాయంత్రం లా కాలేజీకి గుర్తింపు రద్దయింది. పుస్తకాలు లేవు, పాఠం చెప్పేవాళ్ళు చాలరు అని తనిఖీకొచ్చినవాళ్ళు రాశారు. అబద్ధమని ఎలా అనను? జీడిపప్పు గోదాం మీద రెండు గదులు మనవి. కింద జీడిపిక్కలు కాలుస్తుంటే పైన దగ్గుకుంటూ కాంట్రాక్టు చట్టం చెప్పేవాణ్ణి. అయినా పగలంతా పనిచేసి వచ్చే మీకు ఆ గదులే దిక్కు. ఇప్పుడక్కడ పప్పు డబ్బాలు పేరుస్తున్నారు. నేను ఆ వీధిలోకి వెళ్ళడమే మానేశాను. నువ్వు జలంత్రకోటలో ట్యూషన్లు చెప్పుకుంటున్నావని విన్నప్పుడల్లా నీకో ఉత్తరం రాస్తూనే ఉన్నాను.

సరే, అసలు సంగతికొస్తాను. ఆదివారాలు ఏదో ఒక ఊరికి పోయి, ఆ ఊరి తగాదానే తీసుకుని ఉత్తుత్తి కోర్టు పెట్టేవాళ్ళం కదా. కవిటి దాటాక ఆ చేపలవేట ఊరు గుర్తుందా? నూకయ్య అనే అతని పడవ మీద వేటకెళ్ళిన కాసులమ్మ మొగుడు తిరిగి రాలేదు. మనిషి పోతే వాటా పోయినట్టేనని అక్కడి కట్టుబాటు. నువ్వేమో జడ్జి కుర్చీలో కూర్చుని, ఆ పడవ కడలిలోకి వెళ్ళినన్నాళ్ళూ మొగుడి వాటా చేపలు కాసులమ్మకి ఇవ్వాల్సిందేనన్నావు. ఊరు ఊరంతా లేచి దండం పెట్టింది! నిజం కోర్టే అనుకున్నారు. నూకయ్య మర్నాటి నుంచే చేపలు పంపడం మొదలెట్టాడు. అది విని ముందు నవ్వుకున్నాం. అలా ఏళ్ళ తరబడి పంపుతూనే ఉన్నాడని తెలిశాక ఇంక నవ్వు రాలేదు.

పోయిన నెల నూకయ్య కిడ్నీ జబ్బుతో పోయాడు. ఇప్పుడు పడవ కొడుకు యువరాజుది. కోర్టే మూసేసినారు, ఇంక దాని తీర్పేటి బాబూ అని వాటా ఆపేశాడు. చెడ్డవాడు కాడు, తండ్రి వైద్యానికే చితికిపోయాడు. కానీ అది కాసులమ్మ నోటి దగ్గర కూడు కదా! నేను వెళ్ళి బతిమాలితే, తీర్పు సెప్పింది నువ్వు కాదు గదా, ఆ అమ్మనే వచ్చి సెప్పమను అన్నాడు. అందుకే నువ్వు రావాలి. కోపం ఇంట్లో పెట్టి రా, వెళ్ళాక మళ్ళీ తీసుకుందువుగాని.

ఆశీస్సులతో,
నీ మాస్టారు,
గోపాలరావు

తా.క.: ఉత్తరం పోస్టు చెయ్యకముందే కాసులమ్మ మా ఇంటికొచ్చింది. నువ్వు రానక్కర్లేదట. అది సదువుకునే పిల్లల కోర్టని తనకి మొదటిరోజే తెలుసట. నూకయ్యకీ తెలుసట! నా అంతట నేనిత్తే పడవ మీదోళ్ళు ఊరుకోరు, కోర్టు సెప్పిందంటే నోరెత్తరు, నువ్వూ నోరెత్తకు సెల్లీ అన్నాడట. ఇచ్చేవోడే పోయినాడు, ఇంక ఆ కుర్రోణ్ణి ఏటడుగుతాను అంది. రేపటి నుంచి జీడిపిక్కలు ఒలిచే పనికి పోతుందట. నాకు ఏడుపు ఆగలేదు తల్లీ.

వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, ఆ పిల్ల లాయరయిందా బాబూ అని అడిగింది. ఇన్నేళ్ళు మన ఉత్తుత్తి కోర్టులో సాక్షుల చేత ప్రమాణాలు చేయించినవాణ్ణి, అయిందమ్మా, టెక్కలిలో ప్రాక్టీసు అనేశాను. ఆ మాటకి ఆవిడ ముఖం ఎంత విప్పారిందో! ఆఖరి ఏడాదికి శ్రీకాకుళంలో చేర్చుకుంటారట, కనుక్కున్నాను. నా మాట అబద్ధం చెయ్యకు.