ఉధనా బదిలీ

డిండోలి, సూరత్.

ప్రియమైన సుప్రజకు,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావని నిన్న ఫోనులో విన్నాను కానీ, ఉత్తరంలో మళ్ళీ అడగకపోతే నాకు తోచదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. కొత్త ఇంటికి బాల్కనీ ఉంది. ఇద్దరు కూర్చోవచ్చు, కాకపోతే కాస్త ఇరుక్కోవాలి. దానికి నాకేం అభ్యంతరం లేదు. పుంటికూర దొరుకుతుంది, ఇక్కడ అంబాడీ అని అడగాలి. పక్కింటి లలితమ్మ "మీ ఆమె ఎప్పుడొస్తది బిడ్డా?" అని కనబడినప్పుడల్లా అడుగుతోంది. రెండో దిండు కూడా కొనేశాను. నవ్వకు.

ఫోనులో చెప్పానే, ఉధనా స్టేషన్‌లో పనిచేసే బ్రహ్మచారి, పేరుకే బ్రహ్మచారి, అతను మళ్ళీ కలిశాడు. కాజీపేట రైల్వే ఆఫీసులో నీ కుర్చీలోకి అతను, ఇక్కడ అతని కుర్చీలోకి నువ్వు. పెళ్ళైనప్పటినుంచీ మనం వెతుకుతున్న మనిషి. తన సంతకం పెట్టి కాగితాలు నీకు పంపేశాడు, ఇక నీదే మిగిలింది. "జర సోంచాయించి పెట్టమను తమ్మీ. మ్యూచువల్ బదిలీల ఒక్కసారి సంతకమైతే మళ్ల వాపస్ ఉండది" అన్నాడు.

ఏ కోర్సులో చేరుతున్నావని అడిగావు. ఈ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ పిచ్చి నాకెలా పట్టిందో నీకు తెలుసు. హజీరాలో మా ప్లాంటు చేతులు మారినప్పుడు యంత్రాలన్నీ తిప్పి చూపించింది నేను, ధర కట్టింది ఆ బ్యాంకర్లు. సూరత్‌లోనే శని, ఆదివారాల్లో ఫైనాన్స్ పీజీ చదివితే చాలని నీతో అన్నాను. ఉద్యోగం మానక్కర్లేదు, నువ్వూ పక్కనే ఉంటావు.

అది చాలదు సుప్రజా. ఆ బ్యాంకులు వేసవి ఇంటర్న్‌షిప్‌లో పని చూసి మనుషుల్ని తీసుకుంటాయి. ముంబయిలోని రెండేళ్ళ కోర్సులోనే అది ఉంది. అక్కడ నాకు సీటొచ్చింది, వెళ్తున్నాను. చదువయ్యాక ఉద్యోగమూ అక్కడే. నువ్వు సంతకం పెడితే నేను లేని సూరత్‌లో చిక్కుకుపోతావు. పెట్టకు. ముంబయి నుంచి కాజీపేట రావాలనుకునే మనిషిని మళ్ళీ మొదటినుంచి వెతుకుదాం. బ్రహ్మచారికి నేనే చెప్తాను. అతనూ పెళ్ళాం పిల్లల్ని వదిలి ఉంటున్నవాడే, ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

ఈ మాట ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో చెబితే నువ్వు అప్పటికప్పుడే ఆగిపోతావు. అందుకే మామూలు పోస్టులో వేస్తున్నాను. ఇది చేరేలోపే నువ్వు సంతకం పెట్టేసి, పెట్టె సర్దుకుని వచ్చేస్తే బాగుండునని ఉంది.

ఇట్లు,
నీ బావ
రాజ్‌కిరణ్