అప్పా అని పిలిచినందుకు

మలేసియాలో సెలంగోర్ రాష్ట్రం బంటింగ్‌లో ఉంటున్న, కీర్తిశేషులు గోవిందసామి చిన్న కూతురు యోగేశ్వరి అనే నేను, అరవైమూడో ఏట, ఎడమ మోకాలు తప్ప తక్కినదంతా, ముఖ్యంగా బుద్ధి, నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినది రద్దు. అందులో అక్క రత్నావతిని తిట్టిన పేరా మరీ రద్దు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత అక్క కొడుకు శరవణ్‌ది. వాడికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. ఎవరిచేతనైనా చదివించుకోవాలి. మధ్యలో ఫోను చూడకూడదు.

2. కుట్టుమిషను పక్కింటి మోగనకు రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టినవారికి వీలునామాలో రాసినది చెల్లదని లాయరు భారతి చెప్పింది. అందుకని నిన్ననే ఇచ్చేశాను.

3. నా చేతికర్రను గేటు పక్కన ఆనించి ఉంచాలి. కుంటుతూ వచ్చినవారెవరైనా తీసుకుపోవచ్చు. తిరిగి అడగకూడదు.

ఎందుకంటే, రెండేళ్ల కిందట హంగరీ పల్లెల మీదుగా నలభై రోజులు నడిచాను. అక్కడి దూరపు కాలిబాటకు చెట్ల మీది నీలం గీతలే గుర్తు. నడిచేవాళ్ల కోసం గేట్ల దగ్గర నీళ్ల సీసాలు, పళ్లు పెట్టి ఉంచేవారు. ఒక మధ్యాహ్నం మోకాలు పట్టేసి ఒకరి గేటు ముందు కూలబడ్డాను. నొప్పికి నోటివెంట "అప్పా" అని వచ్చేసింది. మా ఇళ్లలో అప్ప అంటే అక్క. చిన్నప్పుడు తమిళ పిల్లలు, అక్కను పట్టుకుని నాన్నా అంటావేమిటని నవ్వేవారు. హంగరీ భాషలోనూ దానికి అర్థం నాన్నేనని తర్వాత ఫోనులో చూశాను. ఆ ఇంటావిడ నా తండ్రి తప్పిపోయాడనుకుంది. పోస్టు పంచే ఆమె సైకిలు మీద, మరో ఇద్దరు ట్రాక్టరు మీద, ఊరంతా కలిసి, ఎన్నడో రబ్బరు ఎస్టేటులో చనిపోయిన మా నాన్నను వెతికారు. దొరక్కపోయేసరికి ఆవిడ తన తొంభయ్యేళ్ల తండ్రిని తీసుకొచ్చి గేటు బయటి బల్ల మీద నా పక్కన కూర్చోబెట్టింది. ఆయన తన కర్ర నా చేతిలో పెట్టాడు.

వాళ్లది పొరపాటనీ అనలేను. నాన్న పోయాక పద్నాలుగేళ్లకే రబ్బరు పాలు తీసే పనికి వెళ్లి నన్ను చదివించింది అప్పే.

4. ఇల్లు శరవణ్‌కు. షరతు ఒకటే. గేటు బయట బల్ల, తాగడానికి నీళ్లు ఉండాలి. పగలు తాళం వేయకూడదు. అమ్మ పోయిన రోజు ఆలస్యంగా వచ్చిందని అక్క ముఖాన ఆ గేటు వేసింది నేను. ఆ తర్వాత పదిహేడేళ్లు ఆమెను అప్పా అని పిలవలేదు.

5. అక్కకు ఈ వీలునామాలో ఏమీ లేదు. కారణం రెండో అంశంలో చెప్పిందే. గేటు తాళంచెవి మాత్రం, నాలుగు రోజులు నడిచి కువాలా సెలంగోర్ వెళ్లి, పోయిన మంగళవారం చేతికిచ్చాను. "బస్సుంది లా, ఏటికే నడిసొచ్చినావు?" అని తిట్టి, కాళ్లకు వేన్నీళ్లు పెట్టింది.

బంటింగ్, 2025 నవంబరు 8.
(సంతకం) గో. యోగేశ్వరి

సాక్షులు:
మోగన, పక్కిల్లు.
రత్నావతి, కువాలా సెలంగోర్. సదివి సంతకం సేసినాను. గేటు తీసే ఉంది.